తుపాకి గొట్టంలో నల్లగాజు

వించిపేటలో రహమతుల్లా ఇంటికి వీధివైపు రెండు తలుపులు. ఎడమ తలుపు ఇంట్లోకి, కుడి తలుపు తుపాకులు బాగుచేసే కొట్టులోకి. లోపల ఆ రెంటినీ కలిపేది పరదా వేసిన ఒకే ఒక గడప. దాని మీద ఎప్పుడూ తడిపిన గోనెపట్టా ఒకటి పరిచి ఉండేది. పక్కన నీళ్ల చెంబు, కుంకుడుపొడి డబ్బా, గోడ మేకుకి ఉతికిన లుంగీ, చొక్కా. రహమతుల్లా కొట్టులోంచి ఇంట్లోకి రావాలంటే ముందు చెప్పులు అటే వదలాలి. పని బట్టలు అటే విప్పి తగిలించాలి. మోచేతుల దాకా కుంకుడుపొడి రాసి చన్నీళ్లతో కడగాలి, నోరు పుక్కిలించాలి, తడి గోనె మీద పాదాలు రుద్దాలి. అప్పుడు ఇటు అడుగు. గుక్కెడు మంచినీళ్లు తాగాలన్నా అంతే, భోజనానికి పిలిచినా అంతే.

కూతురు ఆస్రా చదువుకునే రోజుల్లో స్నేహితురాలు రమాసుందరి ఆ తతంగం చూసి, "మా బామ్మ మడి ఇంతకంటే నయమే" అని నవ్వేది. ఆస్రా కూడా నవ్వేది. ఎందుకలా చేస్తావని తండ్రిని అడగాలని ఆమెకు ఎప్పుడూ తోచలేదు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదాన్ని ఎవరు అడుగుతారు?

రెండువేల నాలుగులో ఎన్నికలైన కొత్తల్లో ఆస్రా పురిటికి పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఫిర్దౌస్ అని పేరు పెట్టారు. నలభై రోజులు నిండేదాకా అక్కడే ఉండి, ఆ తర్వాత గుణదలలో ఉన్న భర్త వసీం ఇంటికి వెళ్లాలి. ఆస్రా కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. ఏడో నెల దాకా బెంజ్ సర్కిల్ దగ్గర ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పింది. చదువు ధైర్యం ఇస్తుందంటారు గానీ, తల్లయ్యాక ఆమె చదివినదంతా భయంగా మారింది. గోడ అవతల ఆకురాయి గరగరలాడిందంటే చాలు, ఉయ్యాల మీద దోమతెర ఇంకోసారి సర్దేది. తూటాలో సీసం ఉంటుంది. పేలినప్పుడు అది ఆవిరై, పొడై గొట్టం లోపల అంటుకుంటుంది. తండ్రి రోజంతా తుడిచేది దాన్నే. నెలల పిల్ల ఒంట్లోకి సీసం వెళితే ఏమవుతుందో ఆమె తరగతిలో బోర్డు మీద రాసి మరీ చెప్పింది.

ఇరవయ్యో రోజున ధైర్యం చేసి పరదా ఇవతల నుంచి అడిగేసింది. ఆ ఇంట్లో సగం ఉర్దూ సగం తెలుగు. తండ్రిని అబ్బా అని పిలవడం ఉర్దూ, పట్టుదల మాటలన్నీ తెలుగులోనే వచ్చేవి.

"అబ్బా, జూన్ ముప్పైకి లైసెన్సు గడువు అయిపోతుందిగా. ఈసారి రెన్యువల్ చేయించకు. ఇక ఆపేయ్."

"చూద్దాం" అన్నాడు రహమతుల్లా.

ఆ ఇంట్లో చూద్దాం అంటే కాదని అర్థం. ఆస్రా తల్లి జమాల్ బీ వంటింట్లోంచే చిన్నగా నవ్వింది.

ఆస్రా మనసులో ఇంకొకటి కూడా ఉంది, ఎవరికీ చెప్పలేదు. తండ్రి ఇంతవరకు పిల్లను ఎత్తుకోలేదు. పుట్టిన రోజున ఆస్పత్రిలో పిల్ల చెవిలో అజాన్ చెప్పింది ఆయనే. కానీ ఎలా? రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, నడుం వంచి, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు. నర్సు పిల్లను చేతికివ్వబోతే ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగు ఆస్రాకి ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది.

ఎన్నికలంటే రహమతుల్లాకి పండగ లాంటిది. ఎన్నికల ప్రకటన రాగానే లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లలో అప్పజెప్పాలి. ఫలితాలయ్యాక తిరిగిస్తారు. రెండు మూడు నెలలు కదలకుండా ఉన్న తుపాకుల్ని దివిసీమ నుంచి నూజివీడు దాకా అందరూ పట్టుకొచ్చేది ఆయన దగ్గరికే. అలా మే నెలాఖరున, రోహిణీ కార్తె ఎండలో, పామర్రు బస్సు దిగి కాన్వాసు సంచి భుజాన వేసుకుని అచ్యుతరామారావు మాస్టారు వచ్చాడు.

ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఆ సంచిలో ఉన్నది పక్షుల్ని కొట్టే తుపాకి కాదు; గురిపోటీల కోసం చేసిన పాయింట్ టూ టూ రైఫిల్, జర్మనీలో తయారైంది. పెళ్లికి పెట్టాల్సిన డబ్బు దాని మీద పెట్టాడని, అందుకే ఆయనకి పెళ్లి కాలేదని పామర్రులో చెప్పుకునేవాళ్లు. ఆయన దగ్గర గురి నేర్చుకున్న పిల్లలంతా ఆ ఒక్క రైఫిల్‌తోనే నేర్చుకున్నారు. ఇప్పుడు హరిచందన అని డిగ్రీ చదివే అమ్మాయి. జూన్ పదమూడున హైదరాబాదులో రాష్ట్ర జట్టుకి ఎంపిక పోటీలు. ఆ పిల్ల పది తూటాలు పేలిస్తే పదీ పావలా బిళ్ల కింద దాక్కునేవి. స్టేషన్ నుంచి వచ్చాక అదే పిల్ల, అదే రైఫిల్, అవే తూటాలు. కాగితం మీద సాసరంత మేర చెల్లాచెదురు.

"స్టేషన్లో తేమ పట్టి ఉంటుంది రహమతుల్లా" అన్నాడు మాస్టారు కూర్చుంటూనే. "మావాళ్లందరూ బ్యారెల్ అయిపోయిందంటున్నారు. మార్చాలంటే జర్మనీ నుంచి రావాలట. వచ్చేసరికి ఆ పిల్లకి పెళ్లై పిల్లలు పుడతారు."

రహమతుల్లా బోల్టు ఊడదీసి పక్కన పెట్టాడు. తూటా కూర్చునే గది దగ్గర తెల్లకాగితం ముక్క అడ్డం పెట్టి, కొస వైపు నుంచి కన్ను ఆనించాడు. కుడికంట్లో రెండేళ్లుగా పొర కమ్ముతోంది, అందుకని ఎడమ కన్ను. లోపల మెలికలు తిరిగిన గాడులు అద్దంలా మెరుస్తున్నాయి. తుప్పు లేదు. తుప్పు లేదని అందరూ చెప్పారని మాస్టారు అన్నాడు.

అప్పుడు రహమతుల్లా పొడుగాటి కడ్డీ తీశాడు. దాని కొనకు చిందీ చుట్టాడు. చిందీ అంటే తుపాకి తుడిచే గుడ్డముక్క, పోలీసుల మాట. ఎప్పుడూ చుట్టేదానికంటే ఒక చుట్టు ఎక్కువ చుట్టి, తూటా గది వైపు నుంచి నెమ్మదిగా తోశాడు. కడ్డీ గది దాటి ఒక్క అంగుళం వెళ్లి ఆగింది. కొంచెం గట్టిగా నెడితే బరువుగా కదిలి, ఒక్కసారిగా తేలికై జారిపోయింది. మళ్లీ తోశాడు. మూడోసారి కళ్లు మూసుకుని తోశాడు. పరదా ఇవతల పిల్లను భుజాన వేసుకుని నిలబడ్డ ఆస్రాకి, గుండె డాక్టరు స్టెతస్కోపు పెట్టి ఆలకిస్తున్నప్పుడు గదిలో ఉండే నిశ్శబ్దం గుర్తొచ్చింది.

"ఇది స్టేషన్లో పట్టింది కాదు మాస్టారూ" అన్నాడు చివరికి. "నా చేతుల్లో పట్టింది."

మాస్టారుకి అర్థం కాలేదు. రహమతుల్లా విడమరిచి చెప్పాడు. ఆయన పని నేర్చింది పోలీసు రిజర్వులో, పెద్ద త్రీనాట్‌త్రీ రైఫిళ్ల మీద. పేల్చిన రోజే కెటిల్‌తో మరిగే నీళ్లు పోసి, తాడుకు చిందీ కట్టి ఈ కొస నుంచి ఆ కొసకి లాగేవాళ్లు. తర్వాత వెలుతురుకి పెట్టి చూసేవాళ్లు. మెరిస్తే పాసు. బయటికొచ్చి లైసెన్సు తీసుకున్నాక ఈ చిన్న రైఫిల్‌కీ అదే చేశాడు. కానీ ఈ తూటాకి మైనం పూత ఉంటుంది. ప్రతి తూటాకీ గది ముందు రవ్వంత మసి, మైనం, సీసం కలిసి అతుక్కుంటుంది. మరుసటి తూటా దాన్ని కాల్చి గట్టిపరుస్తుంది. తాడుకు కట్టిన గుడ్డ మెత్తనిది, గట్టు తగిలితే ఒదిగి దాటిపోతుంది. గట్టు మాత్రం పెరుగుతుంది. పైగా కాలి కాలి నునుపెక్కి అదీ మెరుస్తుంది, ఉక్కులాగే.

"మెరుపు చూసి పంపించేశాను. పదిహేనేళ్లు" అన్నాడు.

మాస్టారు అన్నాడు, "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు గదయ్యా."

"నాకు తెలుసుగా."

మాస్టారు లేచేముందు రహమతుల్లా పది రోజులు గడువు అడిగాడు. ఈ గట్టు వదలకపోతే లైసెన్సు రెన్యువల్ చేయించనని, మెరుపుకీ మసికీ తేడా తెలియని వాడికి ఈ కొట్టు ఎందుకని కూడా అన్నాడు. అందులో విసురు లేదు, కోపం లేదు. రేపు శుక్రవారం అన్నంత మామూలుగా అన్నాడు. ఆయన చూద్దాం అనలేదు కాబట్టి అది నిజమేనని ఆస్రాకి తెలుసు.

ముందు ఆమెకి గుండెలో చల్లగా అనిపించింది. వదలదు, కొట్టు మూసేస్తాడు, పిల్ల బతికిపోయింది అనుకుంది. ఆ వెంటనే సిగ్గేసింది. తండ్రి చెయ్యి ఓడిపోవాలని కోరుకుంటోంది తను.

మర్నాడు పరదా ఇవతల కుర్చీ వేసుకుని కూర్చుంది. గడప దాటే ప్రశ్నే లేదు. ఆయనా రానివ్వడు, తనూ వెళ్లదు. కానీ చూడకుండా ఉండలేకపోయింది.

"మసి దేంట్లోనూ కరగదు అబ్బా" అంది. "ఆమ్లంలో కరగదు, కిరసనాయిల్లో కరగదు. కరిగించేంత ఘాటైనది పోస్తే ముందు ఉక్కు పోతుంది."

"కరగదని నాకూ తెలుసు."

"మరేం చేస్తావు?"

"దాన్ని పట్టుకుని ఉన్నదేదో ఉంటుందిగా. దాన్ని నానబెడతా."

పుస్తకం చెప్పేదీ అదే. మసి రేణువుల మధ్య మైనం, తారు జిగురులా ఉంటాయి. మెత్తబడేది అవే, మసి కాదు. ఏడో తరగతి దాటని మనిషి దాన్ని నాలుగు మాటల్లో చెప్పాడు.

"అడుగంటిన పాలగిన్నెలో రాత్రి నీళ్లు పోసి వదిలేస్తాను చూడండి, ఇద్దరూ కలిసి దాన్ని ఇవాళ కనిపెట్టారన్న మాట" అంది లోపల్నుంచి జమాల్ బీ. "నాకూ ఒక డిగ్రీ ఇప్పించండి."

తూటా గదికి మైనం పూసిన మెత్తటి చెక్కబిరడా బిగించి, గొట్టాన్ని కొస పైకి ఉండేలా మూలన నిలబెట్టాడు. అడుగున ఒక్క అంగుళం మేరకే మందు నిలవాలి; పైన గాడుల నిండా పొయ్యకూడదు. కిరసనాయిలు, టర్పెంటైను, గేరు నూనె ఆయన పాళ్లలో కలిపిన మందు అది. సన్నటి గొట్టం ఒకటి లోపలికి దింపాడు గానీ కొలతగా పొయ్యడానికి ఏమీ దొరకలేదు. ఆస్రా పిల్ల మందుచుక్కల కోసం కొన్న కొత్త డ్రాపరు తెచ్చి గడప మీద పెట్టింది. ఆయన తీసుకుని, "ఇది మళ్లీ ఇవ్వనమ్మా" అన్నాడు. ఇంకోటి తెప్పించుకోవాలని ఆమె కూడా అప్పటికే అనుకుంది.

మూడు రోజులు నానింది. ప్రతి పొద్దున పాత మందు ఒంపి కొత్తది పోశాడు. ఒంపింది మొదటి రోజు తేనెరంగులో ఉంది, రెండో రోజు కాఫీ రంగులో, మూడో రోజు సిరాలా. నాలుగో రోజు కంచు బ్రష్షు మొదలుపెట్టాడు. కడ్డీ గొట్టం అంచుకి రాసుకోకుండా టేకుకర్రతో ఒక తొడుగు చేశాడు. లోపల బ్రష్షుని మధ్యలో ఆపి వెనక్కి లాగడు. బయటికొచ్చేదాకా తోసి, అప్పుడే వెనక్కి. ఇరవై తోపులు, ఒక చిందీ. ఇరవై తోపులు, ఒక చిందీ. కరెంటు పోయేది. ఫ్యాను ఆగేది. నుదుట చెమట కారి కనుబొమల మీద నిలిచేది. ఆయన మాత్రం ఒక్కసారి కూడా చేత్తో ముఖం తుడుచుకోలేదు. గోడ మేకుకి ముఖం ఎత్తులో ఒక తువ్వాలు వేలాడేది. దగ్గరికెళ్లి ముఖాన్ని దానికి ఆనించి తుడుచుకునేవాడు, చేతులు వెనక్కి కట్టుకుని. అజాన్ చెప్పిన రోజులాగే. ఆస్రా ఒకటికి రెండుసార్లు చూసింది.

ఆ సాయంత్రం రమాసుందరికి ఫోన్ చేసింది. ఆమె ఇప్పుడు అదే కాలేజీలో ల్యాబు చూస్తోంది. మర్నాడు ఒక చిన్న సీసాలో పొటాషియం అయోడైడ్ పలుకులు, ఒక కట్ట ఫిల్టరు కాగితాలు తెచ్చిచ్చి, పురిటి మంచం మీద ప్రాక్టికల్సేమిటే అని అడిగింది. తండ్రి భోజనానికి కూర్చున్నప్పుడు ఆస్రా పని మొదలుపెట్టింది. వెనిగరులో తడిపిన కాగితంతో గడపకి అటువైపు, చెయ్యి చాపి అందిన నేలంతా తుడిచింది. ఇంకో కాగితంతో ఇటువైపు నేల. ఇంకోటి తలుపు గడియ. ఇంకోటి ఉయ్యాల చెక్క. ఒక్కో దాని మీద అయోడైడ్ నీళ్లు ఒక్కో చుక్క వేసింది.

అటువైపు కాగితం చూస్తుండగానే పసుపు పచ్చగా అయింది. పెళ్లి పసుపంత పచ్చన. సీసం ఉంటే వచ్చే రంగు అది. ఆమె భయపడ్డదంతా నిజమే.

ఇటువైపువి తెల్లగానే ఉన్నాయి. గడియ తెలుపు. ఉయ్యాల తెలుపు. నమ్మలేక కొత్త కాగితాలు తీసుకుని మళ్లీ తుడిచింది. వంటింటి గుమ్మం తుడిచింది. లోపల తాగే నీళ్ల చెంబు పట్టుకునే చోట తుడిచింది. తెలుపు. మరీ రవ్వంత ఉంటే ఈ పరీక్షకి అందదని ఆమెకి తెలుసు. అయినా, మూరెడు వెడల్పు గడప. అటు పచ్చన, ఇటు తెల్లన. పద్దెనిమిదేళ్లుగా రోజుకి ఆరేడుసార్లు ఒక మనిషి దాటే గడప.

కాగితాలు వరసగా పెట్టుకుని అలాగే కూర్చున్న కూతుర్ని చూసి జమాల్ బీ ఏమిటని అడిగింది. ఆస్రా చెప్పింది. జమాల్ బీకి ఆశ్చర్యమేమీ కలగలేదు.

"జక్కయ్యగారి వల్ల" అంది.

జక్కయ్య రిజర్వులో రహమతుల్లాకి పని నేర్పిన గురువు. తూటాల్ని పళ్ల మధ్య పట్టుకుని పని చేసేవాడట. మసి చేతుల్తోనే అన్నం తినేవాడట. నలభై ఐదేళ్లకే మణికట్లు వాలిపోయి, గ్లాసు ఎత్తలేని స్థితికి వచ్చాడు. ఆయన చిన్న కొడుకు ఐదేళ్లు వచ్చినా మాట్లాడలేదు. రోజూ డ్యూటీ దిగగానే అదే యూనిఫారంతో వాణ్ణి ఎత్తుకుని ఆడించేవాడు. డాక్టర్లు ఏదో పేరు చెప్పారు, ఎవరికీ గుర్తులేదు. ఆ దుమ్ము మనిషిని లోపల్నుంచి తింటుంది, దాన్ని ఇంటికి తీసుకెళ్లకు అని జక్కయ్య చెప్పాడు. సొంత కొట్టు పెట్టిన రోజు నుంచి రహమతుల్లా ఈ గడప పెట్టుకున్నాడు.

"నువ్వు పుట్టినప్పుడు రిజర్వులోనే ఉన్నాడుగా. నలభై రోజులు నిండేదాకా నిన్ను ముట్టుకోలేదు. ఆ తర్వాత శుక్రవారాలే. తలస్నానం చేసి, జుమ్మా నమాజుకి వెళ్లొచ్చి ఎత్తుకునేవాడు. మిగతా రోజులు కిటికీలోంచి చూసి పోయేవాడు."

ఆస్రాకి శుక్రవారాలు గుర్తున్నాయి. అత్తరు వాసన, తెల్ల లాల్చీ, భుజాల మీద కూర్చోబెట్టుకుని బ్యారేజీ మీద నడక, కింద కృష్ణ. ఆ రోజు సెలవు కాబట్టి అనుకుంది ఇన్నేళ్లూ.

ఏడో రోజుకీ గట్టు సగమే పోయింది. బ్రష్షు ఇక పట్టడం లేదు. రైఫిల్ క్లబ్బు మనిషి ఒకాయన వచ్చి, డ్రిల్లు మోటారుకి ఉక్కుబ్రష్షు బిగించి తిప్పితే ఐదు నిమిషాల్లో తేలిపోతుందని సలహా ఇచ్చాడు. రహమతుల్లా ఆయనకి టీ తెప్పించి పంపేశాడు. ఆ పొద్దుటే మాస్టారు కూడా ఫోన్ చేశాడు. ఏమీ అడగలేదు, ఎండలు బాగా ఉన్నాయి అని మాత్రం అన్నాడు.

మిగిలింది ఒకటే దారి. చిందీకి ఇత్తడి సామాన్లు తోమే పాలిష్ రాసి, గట్టు ఉన్న అంగుళం మేరే రుద్దాలి. ఎక్కువైతే గాడులు అరిగిపోతాయి, ఆ తర్వాత ఆ గొట్టానికి మందు లేదు. తక్కువైతే గట్టు ఉండిపోతుంది. రహమతుల్లా కడ్డీకి రెండు చోట్ల ఎర్రదారం కట్టాడు, ఇంతకు మించి లోపలికి పోకుండా, ఇంతకు మించి వెనక్కి రాకుండా. మొదలుపెట్టబోయి ఆగాడు. గొట్టాన్ని పైన అంతా తుడిచి, సబ్బునీళ్ల గుడ్డతో మళ్లీ తుడిచి, న్యూస్‌పేపరులో చుట్టి, గడప దగ్గరికి తెచ్చాడు.

"ఆస్రా. నా కన్ను సరిపోదు. నువ్వు చూడు. పట్టుకోకు, నేను పట్టుకుంటా."

పిల్లను తల్లికిచ్చి ఆమె గడప ఇవతల మోకాళ్ల మీద కూర్చుంది. ఆయన అవతల కూర్చుని గొట్టం కొసని కిటికీ వెలుతురు వైపు తిప్పి పట్టుకున్నాడు. తూటా గదిలోంచి చూసింది. దూరంగా చిన్న తెల్లటి చుక్కలా ఆకాశం. దాని దాకా మెలికలు తిరుగుతూ వెండి గాడులు. ఇరవై ఎనిమిదేళ్లొచ్చినా, ఈ ఇంట్లో పెరిగి కూడా, తుపాకి లోపల ఇంత అందం ఉంటుందని ఆమెకి తెలియదు. కన్ను దగ్గరికి సర్దుకుంటే, గది అంచున ఉంది అది. నల్లగా, నునుపుగా, గుండ్రంగా.

"నల్లగాజులా ఉంది" అంది. ఫిర్దౌస్ చేతికి తొడిగిన దిష్టి గాజు ఎలా మెరుస్తుందో అలాగే మెరుస్తోంది.

ఆయన పదిసార్లు రుద్దాడు. తుడిచి చూపించాడు. గాజు సన్నబడింది. మళ్లీ పది. ఒక చోట తెగింది, అక్కడ ఉక్కు బయటపడింది. మళ్లీ పది. ఆమె చెప్పడం, ఆయన రుద్దడం. నాలుగోసారి ఆమె కన్ను ఆనించే ముందే ఆయన అన్నాడు, కింద ఎడమవైపు బియ్యపు గింజంత, పైన ఇంకా చిన్నది ఒకటి, మిగతాదంతా పోయిందని. ఆమె చూసింది. కింద ఎడమవైపు బియ్యపు గింజంత. పైన ఇంకా చిన్నది.

రెండడుగుల పైన ఉన్న కడ్డీ. దాని కొనకి చుట్టిన గుడ్డ. ఆ గుడ్డకి తగిలిన, వెంట్రుక మందం కూడా లేని మసి. అది ఏ వైపు ఉందో, ఎంత ఉందో ఆయన వేళ్లకి తెలిసింది. ల్యాబులో అంత సన్నని కొలత తియ్యడానికి ఏ పరికరం పెట్టాలో ఆమెకి తోచలేదు.

"నీకు తెలిసిపోతోంటే నన్నెందుకు చూడమంటున్నావు అబ్బా?"

"ఇదే చేత్తో పదిహేనేళ్లు తెలుసుకోలేదు. ఇంకో మనిషి చూడాలి."

బియ్యపు గింజకి ఆరు రుద్దులు పట్టాయి. పైనున్నదానికి మూడు. చివరిసారి ఆమె చాలాసేపు చూసింది. కొసన ఆకాశం తెల్లది, గాడులు మొదలు నుంచి చివరిదాకా ఒకే వెండి. "లేదు" అంది. ఆయన శుభ్రమైన చిందీ బిగించి ఒక్కసారి తోశాడు. కడ్డీ ఎక్కడా ఆగకుండా, ఎక్కడా తేలికపడకుండా, ఒకే బరువుతో చివరిదాకా వెళ్లింది. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు.

గురువారం పొద్దున మాస్టారు, హరిచందన గురి సాధన చేసే రేంజికి వచ్చారు. రహమతుల్లా కూడా వెళ్లాడు. ఆస్రా ఇంట్లోనే ఉండి గడియారం చూస్తూ గడిపింది. పదిరోజుల కింద ఏది కోరుకుందో, ఇప్పుడు సరిగ్గా దానికి తలకిందులుగా కోరుకుంటోంది.

ఆయన మధ్యాహ్నం రెండుకి వచ్చాడు. కుడి తలుపులోంచే వచ్చాడు. కడుక్కుని, బట్టలు మార్చుకుని, ఇటు అడుగు పెట్టి, అప్పుడు చెప్పాడు. మొదటి ఆరు తూటాలు ఎటు పడితే అటు పోయాయట. మాస్టారు ముఖం నల్లబడింది. బ్యారెల్ పోయిందిలే, నీ తప్పేం లేదు అన్నాడట. ఇంతగా కడిగిన గొట్టం లోపల మైనం మళ్లీ పలచగా పరుచుకునేదాకా సర్దుకోదని, ఇంకో పదిహేను పేల్చమని రహమతుల్లా ఆ పిల్లని అడిగాడు. పేల్చింది. తర్వాత కొత్త కాగితం పెట్టారు.

ఆ కాగితం మడత విప్పి ఆస్రా ముందు పెట్టాడు. పది తూటాలకి కనిపించేది ఒకటే చిరుగు. ఫిర్దౌస్ గాజు దాని మీద పెడితే మధ్యలో చుక్కలా ఉంటుంది.

"మాస్టారు ఏమన్నాడు?" అంది జమాల్ బీ.

"ఏమనలేదు. ఆ పిల్లకి కనపడకుండా అటు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాడు."

మర్నాడు శుక్రవారం. పిల్లకి నలభై రోజులు నిండాయి. రహమతుల్లా తలస్నానం చేసి, జుమ్మాకి వెళ్లొచ్చి, తెల్ల లాల్చీతో ఉయ్యాల దగ్గర నిలబడ్డాడు. చేతులు ఇంకా వెనక్కే ఉన్నాయి.

"లైసెన్సు సంగతి నువ్వు చెప్పమ్మా. ఆపేయమంటే ఆపేస్తా. పని చేతనైందని తెలిసింది, అది చాలు."

ఆస్రా భయం ఎక్కడికీ పోలేదు. అటువైపు కాగితం పసుపు ఆమె కళ్లలోనే ఉంది. ఆకురాయి పని పెరట్లో పెట్టుకోమంది. తడి గోనె రోజుకి రెండుసార్లు మార్చమంది. తర్వాత, "రెన్యువల్ ఫారం తీసుకురా, నేను నింపుతా" అంది.

ఆయన వెనక నుంచి చేతులు ముందుకి తెచ్చి, అరచేతులు రెండూ ఆమె ముందు చాపాడు. జమాల్ బీ కాగితాల సంగతి చెప్పేసిందన్న మాట. ఆస్రా సిగ్గుపడింది గానీ మానలేదు. వెనిగరు కాగితంతో ఆ అరచేతులు, వేళ్ల సందులు, గోళ్ల అంచులు తుడిచింది. నలభై ఏళ్ల నూనె గీతలు నల్లగా ఇంకిపోయిన చేతులు. కాగితం మీద చుక్క వేసింది. ఇద్దరూ వంగి చూశారు.

తెల్లగానే ఉంది.

"ఇంకో చుక్క వెయ్యి" అన్నాడు రహమతుల్లా.

వేసింది. చెమ్మ కాగితం అంచుల దాకా పాకి ఆగింది. రంగు రాలేదు. ఆయన నిమిషం లెక్కపెట్టి, ఇంకో నిమిషం కూడా ఆగి, అప్పుడు ఆ చేతులు ఉయ్యాలలోకి చాపాడు.